నలభై మూరల పడవ

మా అన్నయ్య పడవను నేను రెండుసార్లు చేశాను. మొదటిది తప్పొచ్చింది. తప్పు ఎవరిదన్న దాని మీద మా ఇంట్లో ఇప్పటికీ ఎవరి మాట వారిదే. నోటుబుక్కు మాత్రం నా దగ్గరుంది.

నేను మున్సిపల్ హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి 1993లో రిటైరయ్యాను. ఆ వేసవిలోనే ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల దుకాణంలో అట్టలేని పుస్తకం ఒకటి దొరికింది. తెరచాప ఓడలను కర్రతో చిన్నవిగా ఎలా చేసుకోవాలో మడతలు విప్పే పటాలతో సహా అందులో ఉంది. ప్రతి బద్దకూ కొలత, ప్రతి కొలతకూ స్కేలు. అన్నేళ్ళు పిల్లల చేత కాగితం మీద చేయించిన నిష్పత్తి లెక్క ఒక వస్తువై బల్ల మీద నిలబడగలదని నాకు అప్పటిదాకా తోచలేదు. 1998 మొదటికల్లా మూడు ఓడలు పూర్తిచేశాను. మొదటిదానికి పద్నాలుగు నెలలు, రెండోదానికి పదకొండు, మూడోదానికి పంతొమ్మిది. మూడోదానికి తాళ్ళు ఎక్కువ.

ఓడలు చేయడం అంత కష్టం కాదు. వాటిని చూడటానికి వచ్చేవాళ్ళతోనే కష్టం. నీళ్ళలో తేలతాయా అని అడగనివాళ్ళు లేరు. తేలవు, తేలడానికి చేయలేదు అని చెబితే, మరి ఎందుకండీ అంటారు. ఎదురింటావిడ బొమ్మల కొలువుకు ఒకటి అరువిమ్మంది. ఇంకొకావిడ మధ్య కొయ్యను వేలితో మీటి చూసింది. పనిమనిషికి ముట్టుకోవద్దని చెప్పానా, ముట్టుకోకుండా తడిగుడ్డ విదిలించి తుడిచింది. రెండు ఫిరంగులు చీపురు పుల్లల్లో దొరికాయి. బద్దలు వంచడానికి నేను ఇడ్లీ పాత్ర ఆవిరి వాడతాను. ఇడ్లీలకు టేకు వాసన వస్తోందని మావారి ఫిర్యాదు. ఆయనకు ఐదేళ్ళలో ఓడల గురించి కలిగిన అభిప్రాయం అదొక్కటే.

అందరికంటే మా అన్నయ్య నయం. ఆయన ఒకే ఒక్కసారి వెక్కిరించాడు.

"ఇవెవరి ఓడలే?" అన్నాడు.

ఇంగ్లీషువాళ్ళవని చెప్పాను.

"వాళ్ళ ఓడలు వాళ్ళు చేసుకోరూ?"

అన్నయ్య ఉయ్యూరు దగ్గర పల్లెలో చెరుకు వేసేవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. కళ్ళ డాక్టరు కోసం బెజవాడ వచ్చినప్పుడల్లా పటమటలో మా ఇంట్లో దిగేవాడు. 1998 ఫిబ్రవరిలో డాక్టరు నీటికాసులని తేల్చాడు. పక్కల నుంచి చూపు మూసుకుంటూ వస్తుందని, పోయింది తిరిగి రాదని, చుక్కలు వేసుకుంటూ ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పాడు. ఎన్నాళ్ళు ఉంటుందండీ అని అడిగాను. చెప్పలేమన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే అన్నాడు. అంకె చెప్పని మనిషితో నాకు పడదు. కానీ ఆయన తప్పేం లేదు.

ఆ మధ్యాహ్నం అన్నయ్య కుడిచేతి పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసు చూసుకోక తోసేశాడు. మా వదిన తుడుస్తూ ఉండగా ఆయన షోకేసులోని మూడో ఓడ వైపు తల అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూశాడు.

"మన పడవ చెయ్యకూడదుటే?" అన్నాడు. "చూపుండగా ఒక్కసారి చూడాలని ఉంది."

మా అన్నయ్య నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. చేస్తానన్నాను.

మా నాన్నకు బందరు కాలువలో సరుకు పడవ ఉండేది. బందరుకు దిగేటప్పుడు నీళ్ళే తీసుకుపోయేవి. బెజవాడకు ఎదురెక్కేటప్పుడు గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ భుజాన తాడేసుకుని లాగేవాళ్ళు. లాగే మనిషి ఒకడు మానేసినప్పుడు నాన్న అన్నయ్యను ఐదో తరగతిలో బడి మాన్పించి తాడు చేతికిచ్చాడు. అన్నయ్యకు పదకొండేళ్ళు. లారీలు పెరిగాక పడవ అమ్మేశారు. కొన్నవాళ్ళు విప్పి కలప చేసుకున్నారు. ఫొటో లేదు, పటం లేదు. నేను ఆ పడవ రెండుసార్లు ఎక్కాను. రెండుసార్లూ బస్తాల మీద నిద్రపోయాను. కాబట్టి ఉన్నదల్లా అన్నయ్య జ్ఞాపకమే.

కొత్త నోటుబుక్కు తీసి కూర్చున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. పొడవు నలభై మూరలు. వెడల్పు ఆరు. లోతు మూడు. తెరచాప కొయ్య ఇరవై. తాడు నూరు.

మూరంటే ఎంత అన్నయ్యా అని అడిగాను. ఇది నేను అడగలేదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. అడిగాను.

"మూరంటే మూరే. నీకు చేతుల్లేవా?" అన్నాడు.

నేను మూర = పద్దెనిమిది అంగుళాలు అని పేజీ పైన రాసుకున్నాను. బళ్ళో పిల్లలకు అలాగే చెప్పాను. నాకూ అలాగే చెప్పారు.

తరవాతి నెల వచ్చినప్పుడు ఆయన నాన్న ట్రంకు పెట్టెలో దొరికిన కాగితం ఒకటి పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చాడు. కాలువలో పడవ నడుపుకోవడానికి ఇచ్చిన లైసెన్సు. కింది సగం చెదపురుగులు తినేశాయి. పడవ పొడవు యాభై అడుగులు అన్న వరస మాత్రం మిగిలింది. వెడల్పు రాసిన చోట కన్నం ఉంది.

నలభై మూరలంటే అరవై అడుగులు. కాగితం యాభై అంటోంది. నేను అన్నయ్యను మళ్ళీ అడిగాను. ఆయన మళ్ళీ నలభయ్యే అన్నాడు. కాగితం ఇలా అంటోంది కదా అన్నాను.

"కాగితం పడవెక్కిందా?" అన్నాడు.

నేను ఎర్ర పెన్ను తీశాను. నలభైని కొట్టేసి, పక్కన ముప్పై మూడూ ఒకటిలో మూడో వంతు అని వేసి, మార్జిన్‌లో తప్పు అని రాశాను. అలవాటు. మిగిలిన అంకెలను సరిచూడటానికి కాగితం లేదు కనుక వాటిని అలాగే ఉంచాను. లెక్కలు వచ్చిన పాఠకులు ఇక్కడే నవ్వుకుంటూ ఉండొచ్చు. నాకు మాత్రం ఎనిమిది నెలలు పట్టింది.

అడుగుకు అర అంగుళం లెక్కన స్కేలు పెట్టుకున్నాను. పొడవు ఇరవై ఐదు అంగుళాలు, వెడల్పు నాలుగున్నర, తెరచాప కొయ్య పదిహేను. లోపలి దిమ్మకు కొండపల్లి నుంచి పొణికి కర్ర తెప్పించాను. పైన పరిచే టేకు బద్దలు కోయించుకోవడానికి ఎప్పటిలాగే ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డులో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. తాతల నాటి నుంచి వడ్రంగమే చేస్తున్న ముస్లిం కుటుంబం వాళ్ళది. అర నూలు మందాన బద్ద తీయగలవాడు ఆ షెడ్డులో ఆయనొక్కడే. వడ్రంగుల నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అందులో సగం మందాన అరచేతి వెడల్పు టేకు ముక్కను రంపానికి ఇచ్చి చీల్చడం మాటలు కాదు. ఆయన పని మీద నాకు గౌరవం. ఆయన మాటల మీదే విసుగు. బద్ద కోసినంతసేపూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడు.

ఈ పడవకు ఎంత లోడు ఎక్కేదమ్మగారూ అని మొదలుపెట్టాడు. వెడల్పు ఎంతని అడిగాడు. ఆరు మూరలని చెప్పాను.

"ఎవరి మూరండీ?" అన్నాడు రంపం ఆపి.

"మూరంటే మూరే మేస్త్రీ గారూ. పద్దెనిమిది అంగుళాలు."

"అదెట్టా అమ్మగారూ. బందరు రోడ్డులో పూలమ్మే పిల్ల మూర పద్నాలుగు దాటదు కదా. మీరు గొడవ పడరా దాంతో?"

పడతాను. వారానికి మూడుసార్లు పడతాను. అయినా ఆ రోజు నేను టైము చూసుకుని, బద్దలు ఎప్పటికి అవుతాయో చెప్పమన్నాను. ఆయన నవ్వి మళ్ళీ రంపం అందుకున్నాడు.

పని మొదలైంది. అడుగు చదును, రెండు కొసలా ముక్కు. మధ్యలో సరుకు మీద తాటాకు కప్పు. బద్దలు ఆవిరికి పెట్టి, వంచి, క్లిప్పులు బిగించి, ఒక్కో వరసకు రెండు రోజులు ఆరబెట్టి అతికించాను. మొత్తం నూట పన్నెండు బద్దలు. చుక్కాని, గెడలు, నీళ్ళకుండ, తాడు చుట్టే మేకు కూడా చేశాను. ఈ మధ్యలో అన్నయ్య నాలుగుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ గుమ్మం దగ్గర ఆగి, పక్కలు చేత్తో తడుముకుని లోపలికి వచ్చేవాడు. పూర్తయ్యేదాకా చూపించనన్నాను. సగం పని మీద వ్యాఖ్యానాలు వినే ఓపిక నాకు లేదు. ఇప్పుడు ఆలోచిస్తే మొదటి నెలలోనే చూపించి ఉంటే ఏడు నెలలు మిగిలేవి. ఆయనకు ఏడు నెలలంటే తక్కువ కాదు.

అక్టోబరులో పూర్తయింది. కబురు పెడితే వదినా ఆయనా వచ్చారు. బల్ల మీద పెట్టి పక్కన నిలబడ్డాను. ఆయన వంగి, ముక్కు వైపు నుంచి చూశాడు. అటూ ఇటూ తల తిప్పాడు. చేత్తో రెండు పక్కలా పట్టుకున్నాడు.

"ఇదేంటే, చూడి గేదెలా ఉంది," అన్నాడు.

వదిన ఊరుకోమన్నట్టు చూసింది. ఆయన ఊరుకోలేదు. పొట్ట ఇంత లావు లేదు మన పడవకు, ఇది కాలువ లాకుల గేట్ల మధ్య ఇరుక్కుపోతుంది, కొయ్య ఇంత పొడుగైతే గాలికి బోల్తా కొడుతుంది అని వరసగా చెప్పాడు. నేను నోటుబుక్కు తెచ్చి ఆయన చెప్పిన అంకెలు ఆయనకే చదివి వినిపించాను. ఆరు మూరలు నువ్వే చెప్పావు. ఇరవై మూరలు నువ్వే చెప్పావు. ఇందులో నేను వెంట్రుకవాసి కూడా తప్పలేదు, స్కేలు పెట్టి చూసుకో అన్నాను. స్కేలు మీది గీతలు ఆయనకు కనపడవని ఆ తరవాత గుర్తొచ్చింది.

"అంకెలు సరే. పడవ మాత్రం మనది కాదు," అన్నాడు అన్నయ్య.

భోజనం చేసి రెండున్నర బస్సుకు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు వదిన నన్ను వంటింట్లోకి పిలిచి, ఏమనుకోవద్దు వదినా, పది రోజుల నుంచి పడవ పడవ అని కలవరిస్తున్నారు, అందుకే అలా మాట్లాడారు అంది. నాకు ఇంకా కోపం వచ్చింది. కోపగించుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది.

వారం రోజులు నేను ఆ పడవ వైపు చూడలేదు. ఆయన జ్ఞాపకం చెడిపోయిందని, అరవై ఏడేళ్ళ మనిషి మాట పట్టుకుని నూట పన్నెండు బద్దలు అతికించడం నా తెలివితక్కువని మావారితో అన్నాను. ఆయన పేపరు దించకుండా, అంకెలన్నీ తప్పు చెప్పాడా ఒకటే తప్పు చెప్పాడా అని అడిగారు. ఒకటే అని చెప్పబోయి ఆగాను.

నోటుబుక్కు తీశాను. నా ఎర్ర గీత కింద నలభై స్పష్టంగానే కనపడుతోంది. ముప్పై మూడేళ్ళు పిల్లల పేపర్లు దిద్దాను. జవాబు పక్కన యూనిట్లు రాయకపోతే అర మార్కు కోసేదాన్ని. జవాబు తప్పయితే, ఏ మెట్టు దగ్గర తప్పాడో వెతికి చూసేదాన్ని. అన్నయ్య విషయంలో ఆ రెండూ చేయలేదు. ఆయన అంకె తప్పనుకుని కొట్టేశాను. అంకె రైటయితే ఏమవుతుందో వేసి చూడలేదు.

యాభై అడుగులంటే ఆరువందల అంగుళాలు. ఆరువందలను నలభైతో భాగిస్తే పదిహేను.

పదిహేను అంగుళాల మూర ఎవరికి ఉంటుంది? కింది వాటాలో ఆరో తరగతి చదివే అమ్మాయిని పిలిచి, చెయ్యి బల్ల మీద చాపమని, మోచేతి నుంచి నడివేలి కొస దాకా టేపు పెట్టాను. పదిహేనుకు ఒక నూలు తక్కువ.

ఉయ్యూరు బస్సెక్కి వెళ్ళి అన్నయ్యను అడిగాను, ఈ కొలతలు ఎప్పుడు తీశావని.

"మొదటి ఏడే. లాకుల దగ్గర వరస కోసం పూటల తరబడి కూర్చోబెట్టేవాళ్ళు. ఇంకేం చెయ్యను? పడవంతా కొలిచా," అన్నాడు.

"నీ చేత్తోనా?"

"మరి నీ చేత్తోనా?"

"ఆ తరవాత ఎప్పుడూ కొలవలేదా?"

"ఒకసారి కొలిచాక మళ్ళీ ఎందుకూ? పడవేమన్నా పెరుగుతుందా?"

పడవ పెరగలేదు, నీ చెయ్యి పెరిగింది అన్నాను. ఆయనకు విషయం అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తన చెయ్యి చాపి, దగ్గరగా తెచ్చుకుని చూసుకున్నాడు. ఆ తరవాత నవ్వడం మొదలుపెట్టి, వదినను పిలిచి, మీ టీచరమ్మ లెక్క తప్పిందటే అని చెప్పాడు. నువ్వు నన్ను అడగొచ్చు కదా అన్నాడు. అడిగాను, మూరంటే మూరే అన్నావు అన్నాను. అలా అని ఉండనన్నాడు. అన్నావన్నాను. వదిన కాఫీలు తెచ్చేదాకా అదే సాగింది. నలభైని ఎర్ర పెన్నుతో కొట్టేసిన సంగతి నేను చెప్పలేదు.

తిరుగు బస్సులో మొదటిసారి ఇంకో లెక్క తోచింది. ఆయన తాడు పట్టిన ఏడు నాకు ఏడేళ్ళు. ఆ జూన్‌లోనే నన్ను రెండో తరగతిలో వేశారు. పదిహేను అంగుళాల చేత్తో ఆయన పడవ కొలుచుకుంటున్నప్పుడు నేను పలక మీద మూర అంటే పద్దెనిమిది అంగుళాలు అని రాసుకుంటున్నాను. ఈ రెండూ ఒక పేజీలో పక్కపక్కన ఎప్పుడూ వేయలేదు. వేసి ఉంటే ఏమయ్యేదో కూడా నాకు తెలియదు. కంకిపాడు దాటాక బస్సు టైరు పంక్చరై ముప్పావుగంట ఆగింది. డ్రైవరుకు స్టెపినీ ఎక్కడుందో తెలియలేదు.

మొదటి పడవను సరిచేయడానికి వీల్లేదు. పొట్ట చెక్కితే బద్దలు పోతాయి. కొత్తది మొదలుపెట్టాను. వెడల్పు నాలుగున్నర కాదు, మూడుముప్పావు. కొయ్య పదిహేను కాదు, పన్నెండున్నర. బద్దల కోసం మళ్ళీ ఆటోనగర్ వెళితే మేస్త్రీ కొత్త కొలతల కాగితం చూసి, తల ఎత్తకుండానే అన్నాడు.

"పూల మూరేనా అమ్మగారూ?"

నేను టేకు ముక్క ఆయన చేతికిచ్చాను. ఆయన రంపం అందుకున్నాడు. ఆ రోజు బద్దలు ఎప్పటికంటే సన్నగా, సమంగా వచ్చాయి. అది కూడా నాకు చిరాకే వేసింది.

ఈసారి ఆరున్నర నెలలకు, 1999 మే మొదటి వారంలో పూర్తయింది. కానీ ఆ ఆరున్నర నెలల్లో అన్నయ్య చూపు పక్కల నుంచి బాగా మూసుకొచ్చేసింది. సంక్రాంతి వెళ్ళాక గుమ్మానికి కొట్టుకుని నుదురు పగలగొట్టుకున్నాడు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉందనేవాడు. డాక్టరును మళ్ళీ అంకె అడిగాను. ఆయన మళ్ళీ చెప్పలేదు.

ఈసారి నేనే పడవను అట్టపెట్టెలో పత్తి పెట్టి సర్దుకుని ఉయ్యూరు బస్సెక్కాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పక్క సీటు ఆవిడ కేకా అండీ అని అడిగింది. అవునన్నాను. పడవంటే, తేలుతుందా అని అడుగుతుంది.

వరండాలో చాప మీద పెట్టాం. అన్నయ్య చాప పక్కన కూర్చుని చూపు పెట్టాడు. ముక్కు కనపడుతోందన్నాడు. తెరచాప లేదేం అన్నాడు. ఉంది అన్నయ్యా, కొంచెం పైకి చూడు అన్నాను. తల ఎత్తి, ఆఁ ఉంది, చుక్కాని ఏదీ అన్నాడు. వెనక ఉంది అన్నాను. అలా ఒక్కొక్కటీ ముక్కలు ముక్కలుగా దొరుకుతోంది గాని, పడవ దొరకడం లేదు. బాగుందే, అంతా ఉంది అన్నాడు చివరికి. ఆ గొంతు నాకు తెలుసు. చుట్టాలింట్లో కూర బాగోలేనప్పుడు అదే గొంతుతో బాగుందంటాడు. పద్నాలుగున్నర నెలలు, రెండు పడవలు, రెండువందల ఇరవై నాలుగు బద్దలు పెడితే, ఆయన నాకు మర్యాద చేస్తున్నాడు.

"తాడు ఉందా?" అన్నాడు.

ఉంది. నూరు మూరలు, ఆయన మూరే. స్కేలుకు అరవై రెండున్నర అంగుళాలు. ముప్పేట దారం పేని, మైనం రుద్ది, ముక్కు దగ్గర ఒక పక్కనున్న మేకుకు చుట్టిపెట్టాను. విప్పి కొస ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని వేళ్ళతో తడిమి, లేచి, వరండా గోడ పట్టుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. జాగ్రత్త, లాగితే మేకు ఊడుతుందని అరిచాను. దారం నిలువునా సాగేదాకా వెళ్ళి ఆగాడు. కొసను ఎడమ భుజం మీదికి వేసుకున్నాడు. ముందుకు వంగి, భుజం మీంచి మెడ తిప్పి వెనక్కి చూశాడు.

అప్పుడు నాకు అర్థమైంది. పదిహేనేళ్ళు ఆయన ఆ పడవను చూసింది అక్కడి నుంచే. దగ్గరగా ఉంటే గొట్టంలో పట్టనిది, ఐదడుగుల దూరం నుంచి మొత్తం పట్టింది. ముందు వైపు నుంచి. వెడల్పు తేడా ఉంటే ఆయనకు ఎక్కడ తెలుస్తుందో సరిగ్గా అక్కడి నుంచి.

కదలకుండా అలాగే నిలబడ్డాడు. వదిన బియ్యం చేట పట్టుకుని గుమ్మంలో ఆగింది.

"ఇదీ. ఇది మనదే," అన్నాడు.

ఇంకా కాసేపు చూశాడు. నేను కళ్ళద్దాలు తుడుచుకుందామనుకునే లోపే ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు.

"తాడు ఇటుపక్క కట్టావేంటే? బెజవాడ ఎక్కేటప్పుడు మనం లాగింది అవతలి గట్టు నుంచి కదా."

ఏ పక్కో నువ్వు చెప్పలేదు అన్నాను. నువ్వు అడగలేదు అన్నాడు. నోటుబుక్కు తిరగేశాను. నిజంగానే అడగలేదు. నేను చాప మీద కూర్చుని, సంచిలోంచి పట్టకారు తీసి, ముడి విప్పి, తాడును రెండో పక్కకు మార్చి కట్టడం మొదలుపెట్టాను. ఆయన భుజాన దారం కొస పట్టుకుని, మెడ తిప్పి చూస్తూ అలాగే నిలబడి, ఒక ముడికి ఇంతసేపా, లాకులు మూసేస్తారు, త్వరగా కానీ అంటూ ఉన్నాడు.